రేపు తాగుతాను

అనగనగా ఓ రాజు. ఆ రాజుకి ఒక్కగానొక్క కొడుకు ఉదయసేనుడు. అందగాడే, మంచివాడే, ఏం లాభం? పొద్దున్నే కల్లు, పొద్దుగూకితే సారా. తండ్రి మందలిస్తే "రేపట్నించి మానేస్తాను నాన్నగారూ" అనేవాడు. ఆ రేపు వస్తేనా!

చివరికేమైందనుకున్నారు? తన పెళ్ళినాడే పీకలదాకా తాగి పీటల మీదే గుర్రుపెట్టాడు. అదను చూసి కైపుమాయుడనే మాంత్రికుడు పెళ్ళికూతురు పగడవల్లిని ఎత్తుకుపోయాడు. తెలివొచ్చాక ఏడ్చాడర్రా రాజకుమారుడు, తల బాదుకుని ఏడ్చాడు. "ఇంక చుక్క ముట్టను, పగడవల్లిని తెచ్చుకుంటాను" అని సముద్రం ఒడ్డుకి పరిగెత్తాడు.

అక్కడో ముసలి తాబేలు. "ఎక్కు నాయనా. ఏడు సముద్రాల అవతల వాడి కోట. వాడి ప్రాణం చిలకలో ఉంది. వాడిచ్చే గిన్నె తాగావో, ఇంక అక్కడే పడుంటావు" అంది.

మొదటి సముద్రం మీద చేతులు గడగడా వణికాయి. మూడో సముద్రం మీద ఒళ్ళంతా చీమలు పాకినట్టయింది. "వెనక్కి తిప్పవే తాబేలూ, ఒక్క గుక్క తాగొద్దాం" అని బతిమాలాడు. "నోర్మూసుకుని కూర్చో, లేకపోతే ఈదుకుంటూ పో" అంది తాబేలు. అయిదో సముద్రం మీద దాని వీపున పడి చంటిపిల్లాడిలా ఏడ్చాడు. ఈసారి తాబేలు తిట్టలేదు. ఏడో సముద్రం దాటుతుండగా "తాబేలూ, నాకాకలేస్తోంది!" అన్నాడు. ఆకలన్నది తెలిసి ఎన్నేళ్ళయిందో! ఒడ్డున జామకాయ కోసి కొరికితే, అబ్బ, ఏం రుచనుకున్నారు!

కోట గుమ్మంలో కైపుమాయుడు నిండుగిన్నెతో ఎదురొచ్చాడు. "తాగవయ్యా అల్లుడూ! నువ్వు తాగకుండా ఈ గిన్నె దించినా, ఒలకబోసినా నా మంత్రాలన్నీ మంటగలిసిపోవాలి!" అని ఒట్టేశాడు. వాసన గుప్పుమంది. రాజకుమారుడికి నోరూరింది. వద్దంటే ఊరుకునే రకమా వాడు? అందుకని పాతమాటే తిరగేశాడు.

"తాగకేం మావా! రేపు తాగుతాను."

మర్నాడు అడిగితే "రేపు". ఆ మర్నాడూ "రేపే". దయ్యాన్ని తిప్పిపంపడానికి గడప దగ్గర 'రేపు రా' అని రాస్తారు చూశారూ, అచ్చం అలాగే! మాంత్రికుడికి రెండు చేతులా గిన్నె. తినడానికి లేదు, పడుకోడానికి లేదు, ముక్కు దురదేస్తే గోక్కోడానికీ లేదు. ఆఖరికి విసిగి "నీ రేపు తగలెయ్య!" అని తనే గటగటా తాగేసి కూలబడ్డాడు.

ప్రాణం చిలకలో ఉంది కదర్రా? మరి మత్తూ దానికే ఎక్కింది! పంజరంలో తూలుతూ "పగడవల్లి గది తాళంచెవి నా కాళ్ళ కిందుందిరోయ్" అని పాటందుకుంది. రాజకుమారుడు దాని పీక నులమబోయి ఆగాడు. "పాపం, నీ అవస్థ నాకు తెలీదూ!" అని తాళంచెవి తీసుకుని, పంజరాన్ని చంకన పెట్టుకున్నాడు. చిలక చేతికొచ్చాక ఇంక మాంత్రికుడి ఆటలేం సాగుతాయి?

తలుపు తీస్తే పగడవల్లి ఎగాదిగా చూసింది. "ఎవరు మీరు? మా పెళ్ళికొడుకు గురకే నాకు తెలుసు, గొంతు తెలీదు."

అతను సిగ్గుతో తలొంచుకున్నాడు. "నేనే" అన్నాడు.

"మాటలొద్దు. ఇదిగో సూది, ఇదిగో దారం. ఎక్కించండి చూద్దాం."

మొదటిసారి తప్పింది. రెండోసారీ తప్పింది. మూడోసారి ఊపిరి బిగబట్టి ఎక్కించాడు. పగడవల్లి పకపకా నవ్వింది. "సరే పదండి. మూడు ముళ్ళూ వెయ్యగలరు."

తాబేలెక్కి ఇంటికొచ్చి మూడు ముళ్ళూ వేశాడు. పెళ్ళిలో పానకం ఏరులై పారింది, చిలక జామపళ్ళు మరిగింది, మొగుడూ పెళ్ళాం మనవల పెళ్ళిళ్ళు చూసేదాకా చల్లగా రాజ్యమేలారు. పురోహితుడు చదివిన మంత్రాలు ఒక్కటీ వదలకుండా, కళ్ళింతేసి చేసుకుని విన్న పెళ్ళికొడుకు లోకంలో ఉదయసేనుడొక్కడేనట!