చెక్క రెక్కలు, మాస్టారి పళ్ళు

నాలో ఒక మంచి గుణం ఉంది. సలహా ఇచ్చేవాళ్ళని ఎప్పుడూ ఇబ్బంది పెట్టను. ముందు నిర్ణయం తీసేసుకుని, ఆ తర్వాతే సలహా అడుగుతాను. రేపు అది బెడిసికొడితే ఆ పాపం వాళ్ళకి చుట్టుకోకూడదు కదా.

దేవసహాయం మాస్టారి దగ్గరికి కూడా అలాగే వెళ్ళాను. నాకు విమానం నడపడం నేర్పిన గురువు ఆయన. రాజమండ్రిలో రెండు కల్యాణమండపాలు పెట్టుకుని సుఖంగా ఉన్నవాణ్ణి, నడివయసులో ఆకాశం మీద మోజుపడి ఫ్లయింగ్ క్లబ్బులో చేరాను. నా ఒళ్ళు చూసి అందరూ నవ్వారు. మాస్టారు మాత్రం, "లేవాల్సింది విమానం. నువ్వు కూర్చో చాలు" అన్నారు. ఆ మాటతో ఆయనకి శిష్యుణ్ణయిపోయాను.

"మాస్టారూ, ఒక విమానం చూశాను. పల్టీలు కొట్టే విమానం. కొనమంటారా?"

"చూశావా, కొన్నావా?"

"చూశానండి. కొనలేదు. పేరు మాత్రం పెట్టుకున్నాను."

ఆయన పేపరు మడిచారు. "సరే పద. బారసాలకి పిలిచావనుకుంటాను."

మా ఆవిడ సుభద్ర గుమ్మం దాకా వచ్చి మాస్టారికి దణ్ణం పెట్టింది. "మీరైనా చెప్పండి మాస్టారూ. సందులో కారు వెనక్కి తియ్యడం రాదు ఈయనకి. ఆకాశంలో తలకిందులుగా తిరుగుతార్ట!"

"ఆకాశంలో గోడలుండవమ్మా" అన్నారు మాస్టారు. నన్ను వెనకేసుకొచ్చారని సంతోషించాను. కారెక్కాక అనుమానం వచ్చింది.

విమానం భీమవరం అవతల, రొయ్యల చెరువుల మధ్యన, చిన్న మట్టి రన్‌వే పక్కన ఒక రేకుల షెడ్డులో ఉంది. యజమాని గాదిరాజు నరసింహరాజుగారు. ఆయన బావమరిది సరదాపడి కొనిపించాడట. రెండుసార్లు ఎక్కేసరికి నడుం పట్టేసిందట. అప్పట్నుంచీ అది షెడ్డులోనే ఉంది.

ఎర్రటి ఎరుపు. రెక్కల మీద తెల్లటి సూర్యకిరణాలు. సీట్లు రెండూ పక్కపక్కన. రెక్కలు చెక్కవి. చెక్కంటే నవ్వకండి. లోపల ఇంటి దూలంలాంటి దూలం ఉంటుంది, దాని మీద పల్చటి ప్లైవుడ్ తొడుగు, ఆ పైన గుడ్డ, ఆ పైన రంగు. ఇనుము అలిసిపోతుంది కానీ మంచి చెక్క అలిసిపోదని మాస్టారే చెప్పారు. దానికి శత్రువు ఒక్కటే, తడి. ఈ సంగతి కూడా ఆయనే చెప్పారు. మొదటిది బాగా గుర్తుపెట్టుకున్నాను.

రాజుగారు ఎదురొచ్చారు. "ఆయ్, రండి రండి. ముందు భోజనం. ఖాళీ కడుపుతో బేరం మా ఇంటావంటా లేదండి."

"నాకు మజ్జిగ చాలండి. ఇంకా విమానం చూడలేదు కదా" అన్నారు మాస్టారు.

"అదేంటండి! విమానం ఎక్కడికి పోద్ది? చేప ముక్కలు చల్లారిపోతాయి."

"పర్వాలేదండి."

రాజుగారి మొహం చిన్నబోయింది. ఆ లోటు తీర్చడం నా బాధ్యత అనుకున్నాను. ఇద్దరి భోజనమూ నేనే చేశాను. పీతల ఇగురు, చేపల పులుసు, గడ్డపెరుగు. రాజుగారు పక్కనే నిలబడి, "ఇంకొంచెం, నా మాట మీద" అని ప్రతి ముక్కకీ ఒట్టు పెట్టారు. మా వైపు ఒక పద్ధతుంది. ఒకరి ఇంట్లో విస్తరి ముందు కూర్చోకముందు ఎన్ని వంకలైనా పెట్టొచ్చు. చెయ్యి కడుక్కున్నాక ఆ ఇంటి పిల్లికి కూడా వంక పెట్టకూడదు.

నేను తేన్చుకుంటూ షెడ్డుకొచ్చేసరికి మాస్టారు స్టూలు మీద కూర్చుని ఉన్నారు. చేతిలో మజ్జిగ గ్లాసు. రెక్క మీద చెయ్యి కూడా వేసినట్టు లేదు. జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి నాకిచ్చారు.

"కుండలు కొన్నావా ఎప్పుడైనా?"

"మా అమ్మ కొనేదండి. వేలితో కొట్టి చూసేది."

"అంతే. కొట్టి చూడు."

కొట్టుకుంటూ వెళ్ళాను. కుడి రెక్క టక్ టక్‌మని పలికింది. ఎడమ రెక్క చివర్నుంచి లోపలికి వచ్చాను. టక్, టక్, టక్. మొదట్లో, విమానం ఒంటికి అతుక్కునే చోట, బొద్ అంది.

ఆగాను.

మళ్ళీ కొట్టాను, కాస్త మెల్లిగా, బుజ్జగిస్తున్నట్టు. బొద్.

బిళ్ళని జానెడు పక్కకి జరిపి గట్టిగా కొట్టాను. టక్! షెడ్డంతా వినబడింది. ఎంత చక్కగా పలికిందో!

"ఎలా ఉందండీ?" అన్నారు రాజుగారు, తమలపాకులు అందిస్తూ.

కడుపులో ఆయన చేపలు. నోట్లో ఆయన తాంబూలం. "బ్రహ్మాండంగా ఉందండి" అన్నాను.

మాస్టారు గ్లాసు కింద పెట్టారు. "అంతా బాగుందా?"

"అంతా బాగుంది మాస్టారూ."

"సరే." ఆయన లేచి, చెప్పులు విడిచి, రెక్క మొదట్లో కాలు పెట్టే చోటు చూసుకుని ఎక్కారు. ఎడమ సీటు నాకు వదిలి కుడి సీట్లో కూర్చున్నారు. భుజాల మీద బెల్టులు, నడుముకి బెల్టులు, తొడల మధ్యనుంచి వచ్చే బెల్టు అన్నీ లాగి బిగించుకున్నారు. "రాజుగారూ, ఇంధనం ఉందాండి?"

"నిన్ననే పోయించానండి. ఇంజనూ తిప్పాం. శుభ్రంగా ఉంది."

"ఎక్కు అబ్బాయ్. పైకెళ్ళి గుండ్రంగా ఒక లూపు కొట్టు. ఆ తర్వాత తలకిందులుగా కాసేపు వెళ్దాం."

"ఇప్పుడే తిన్నాను కదండీ."

"అది నీకూ నీ సీటుకీ మధ్య గొడవ. రెక్కకేం?"

"గాలి కాస్త అడ్డంగా..."

ఆయన గాలి వాటం చూపించడానికి షెడ్డు బయట వేలాడదీసిన గాలిసంచి కేసి చూశారు. అది కూడా భోంచేసి పడుకున్నట్టుంది.

"సుభద్రకి చెప్పి రాలేదు మాస్టారూ."

"చెప్పే బయల్దేరాం కదా. దణ్ణం కూడా పెట్టింది."

ఇంకేం చెప్పాలా అని ఆలోచిస్తుండగా ఆయన నోట్లో చెయ్యి పెట్టారు. కట్టుడు పళ్ళు పై సెట్టూ కింద సెట్టూ తీసి, రుమాల్లో చుట్టి, చొక్కా జేబులో పెట్టి గుండీ పెట్టుకున్నారు. మాస్టారు పళ్ళు తీసేది రెండు సందర్భాల్లోనే. నిద్రపోయే ముందు, పల్టీ కొట్టే ముందు. ఆయనకి నిద్ర వస్తున్నట్టు లేదు.

బుగ్గలు లోపలికి పోయి ఆయన మొహం చంటిపిల్లాడి మొహంలా అయిపోయింది. బెల్టుల మధ్య మెడ సన్నగా, కోడిమెడలా ఉంది. ఖాళీ సీటు మీద మెల్లిగా తట్టి, నాకేసి చూసి నవ్వారు. ఎగతాళి నవ్వేమో అని వెతికాను. కాదు. నా మాట నమ్మిన మనిషి నవ్వు.

రాజుగారు కూడా చూస్తున్నారు. తాంబూలం మింగేశాను.

"దిగండి మాస్టారూ."

"ఏం?" పళ్ళు లేని నోటితో ఆ మాట ఈల వేసినట్టు వచ్చింది.

"ఎడమ రెక్క మొదట్లో ఒక చోట పలకలేదు."

"ఎప్పుడు విన్నావు?"

"కొట్టగానే."

"మరి మళ్ళీ ఎందుకు కొట్టావు?"

రూపాయి బిళ్ళ ఆయనకి తిరిగిచ్చేశాను.

ఆయన బెల్టులు విప్పుకున్నారు. నా చెయ్యి పట్టుకుని దిగి, వెనక్కి తిరిగి పళ్ళు పెట్టుకున్నారు.

రాజుగారు రెక్క కిందకి దూరారు. నీళ్ళు కారడానికి అడుగున ఉండే చిల్లిని కొత్త రంగు మూసేసింది. స్క్రూడ్రైవరు మొన పెట్టి ఆ రంగు గీకితే, తడిసిన కాఫీ పొడిలాంటి నల్లటి కుళ్ళు చెక్కపొట్టు ఆయన అరచేతిలో పడింది.

"ఈలోగా అమ్ముడవకపోతే వచ్చే వారం మా బావమరిది మళ్ళీ ఎక్కుతానన్నాడండి" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు గొంతులో ఇందాకటి దర్జా లేదు. లేచి వచ్చి, మట్టి చేత్తోనే నా చెయ్యి పట్టుకున్నారు.

"రాజుగారూ, ఇప్పుడు భోంచేస్తానండి" అన్నారు మాస్టారు.

తిరుగు ప్రయాణంలో, నరసాపురం కాలవ దాటాక, ఆగలేక అడిగాను. "మాస్టారూ, నేను ఎక్కి ఉంటే మీరు నిజంగా ఎగిరేవారా?"

"నువ్వు ఎక్కలేదుగా" అని, ఆయన సీటు వెనక్కి వాల్చి కళ్ళు మూసుకున్నారు.

ఆయన కుడి సీట్లో కూర్చోకపోతే ఆ సాయంత్రం నేను ఆ విమానం కొని ఉండేవాణ్ణి. ఒక్కణ్ణే ఎక్కి, లూపు కూడా కొట్టి ఉండేవాణ్ణి. పక్కన ఇంకొకరి మెడ ఉంటే నా చెవులు పనిచేస్తాయని ఆ రోజు తెలిసింది. నా మెడ ఒక్కటే ఉన్నప్పుడు ఎలా వినాలో మాత్రం నాకు ఇంకా రాలేదు.