వెనక సీటు దారి

సూటిగా ఒక్క మాట అడుగుతాను, తల దించుకోకుండా చెప్పండి. పాడైనదాన్ని బాగుచేయకుండా దాని చుట్టూ వంగి వంగి తిరగడం నేర్చుకున్నామే, దానికి ఓర్పు అని పేరు పెట్టిందెవరు? వంగినవాళ్లా, నిటారుగా నిలబడి చూసినవాళ్లా?

ఇదే ప్రశ్నను ఇంకాస్త మర్యాదగా వరాలు తన గురువును అడిగింది. గురువంటే హరికథ నీలాచలమ్మ గారు. విజయనగరం నుంచి ఇచ్ఛాపురం దాకా దసరా పందిళ్లలో ఆవిడ గజ్జెల చప్పుడు ఎరగని ఊరు తక్కువ. మోకాళ్లు మొరాయించాక వేదిక దిగి, తన కథలన్నీ వరాలు గొంతులో పోశారు. ఆవిడకో అలవాటుంది. శిష్యులు ఏమడిగినా తిన్నగా బదులివ్వరు. కథ మధ్యలో చెప్పినట్టే ఓ పిట్టకథ చెప్పి ఊరుకుంటారు; విప్పుకోవడం అడిగినవాళ్ల పని. ఆ రోజు అదీ చెప్పలేదు.

ఆ సాయంత్రం జూటు మిల్లు కాలనీ పందిట్లో వరాలు మొట్టమొదటిసారి ఒంటరిగా కథ చెప్పబోతోంది. ఇన్నాళ్లూ గురువు వెనక వంతపాటే. ఈసారి గురువే హార్మోనియం ముందు కూర్చుంటానన్నారు. కథలో ఒక రాణి ఉంది. రాజ్యం పోయి పరాయి ఇంట దాసిగా బతుకుతుంది. అంట్లు తోముతుంది, మాటలు పడుతుంది, నోరు విప్పదు. 'భూదేవంత ఓర్పు తల్లిది' అని కథకురాలు గొంతెత్తగానే జనం చప్పట్లు కొడతారు. ఏటా కొడుతూనే ఉన్నారు. వరాలుకు మాత్రం ఆ ఒక్క చరణం చేపముల్లులా గొంతుకు అడ్డం పడింది. ఎంత సాధన చేసినా దిగదు.

కాలనీకి వెళ్లే దారిలో, కారు రాజాం దాటాక వరాలు ఇక ఆగలేకపోయింది.

"అమ్మా, ఆ రాణి ఓర్చుకుందని పాడతాం కదా. అది ఓర్పని మనకెలా తెలుసు? ఉత్త అలవాటేమో! ఓర్పు ఎక్కడ ఆగుతుంది, అలవాటు ఎక్కడ మొదలవుతుంది? అది తేలకుండా పాడితే నా నోరు అబద్ధమాడినట్టే. నా మొదటి కథ అబద్ధంతో మొదలెట్టలేను."

నీలాచలమ్మ గారు కిటికీలోంచి గోగు చేలకేసి చూశారు. "గవిరయ్యా, అద్దం ఎక్కించు, దుమ్ము పడుతోంది" అన్నారు. అంతే.

గవిరయ్య మృదంగం వాయిస్తాడు, కారూ తోలుతాడు. వెనక ఉన్న వరాలును అద్దంలో చూసి, "ఏటమ్మా, వేదికెక్కకుండానే సభ చేసీస్తన్నావు?" అని నవ్వాడు. వరాలు నవ్వలేదు. జవాబు రాకపోతే వేదిక మీద ఆ చరణం దగ్గర తన గొంతు ఆగిపోతుందని ఆమెకు తెలుసు. ఆగిపోతే మళ్లీ వంతపాటకే వెళ్లాలి. అదీ తెలుసు.

ఇక్కడ ఆ కారు సంగతి కొంచెం చెప్పాలి. నీలాచలమ్మ గారి ఒంట్లో సత్తువ ఉన్న రోజుల నుంచీ ఊరూరా తిరిగిన బండి. ఇంజను మంచిదే. పాడైందల్లా డిక్కీ తెరిచే స్విచ్చి. నంబరు ప్లేటుకు పైన, పట్టీ అడుగున, రబ్బరు తొడుగున్న చిన్న బటను అది. నొక్కితే లోపల తాళం టక్కుమని వదలాలి. ఒక వానాకాలం ఆ రబ్బరు చిట్లి నీళ్లు దిగాయి. మొదట్లో రెండుసార్లు నొక్కితే తెరుచుకునేది. తర్వాత గట్టిగా నొక్కాల్సి వచ్చింది. ఆ తర్వాత గవిరయ్య ఒక చేత్తో నొక్కుతూ రెండో అరచేత్తో మూత మీద ఒక దెబ్బ వేసేవాడు, మృదంగం మీద వేసినట్టే. చివరికి దెబ్బలకూ లొంగలేదు. ఆ డిక్కీకి తాళంచెవి పెట్టే కన్నం లేదు. ఇక మిగిలిన దారి ఒక్కటే. వెనక సీటు వీపును ముందుకు వంచి, ఆ సందులోంచి డిక్కీలోకి దూరి, చీకట్లో తడుముకుని, తాళం పక్కనున్న మీటను వేలితో లాగాలి.

ఆ సందులో పట్టేంత సన్నటి మనిషి వరాలు ఒక్కతే. "మా వరాలు బల్లిలా దూరీగలదు" అని గవిరయ్య వెళ్లిన ప్రతి ఊళ్లోనూ గొప్పగా చెప్పేవాడు. విన్నవాళ్లు ముచ్చటపడేవారు. ఆమె మోచేతుల మీద గీరుకుపోయిన మచ్చలను మాత్రం ఎవరూ ముచ్చటపడి చూడలేదు.

అసలు విడ్డూరం ఇంకొకటుంది. కొత్త స్విచ్చి ఎప్పుడో కొన్నారు! విశాఖ ఆటోనగర్‌లో వెతికి వెతికి పట్టుకొచ్చారు. అది కారు ముందు అరలో, పిప్పరమెంట్ల పక్కన, విప్పని కవరులో హాయిగా పడుకుని ఉంది. ఎందుకు బిగించలేదని ఎవరినీ నిలదీయక్కర్లేదు. పని ఆగలేదు కదా. వరాలు ఉంది కదా.

కాలనీ చేరేసరికి పందిట్లో దీపాలు వెలిగాయి. షిఫ్టు దిగి స్నానాలు చేసి వచ్చిన ఆడవాళ్లు చాపల మీద ముందు వరుసలు పట్టేశారు. పందిరి పెద్ద సూరపనాయుడు కండువా సర్దుకుంటూ ఎదురొచ్చి నీలాచలమ్మ గారి మెడలో దండ వేశాడు. హార్మోనియం, మృదంగం, శ్రుతిపెట్టె, వరాలు గజ్జెలు, చిరతలు అన్నీ డిక్కీలో ఉన్నాయి. గవిరయ్య అలవాటుగా బటను నొక్కాడు, అలవాటుగా ఒక దెబ్బ వేశాడు, అలవాటుగా పక్కకు తప్పుకున్నాడు.

వరాలు అప్పటికే పట్టుచీర కొంగు నడుముకు దోపుకుంది. జడలోని కనకాంబరాలు నలగకుండా ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో వెనక సీటు వంచుతోంది.

"ఆగు" అన్నారు నీలాచలమ్మ గారు. "ఎవరు దూరమన్నారు నిన్ను?"

వరాలు చుట్టూ చూసింది. గవిరయ్య నోరు విప్పలేదు. సూరపనాయుడికి డిక్కీ గొడవే తెలియదు.

"ఎవరూ అనలేదమ్మా."

ఆ మాట తన చెవిన పడ్డాక గానీ తానేమందో వరాలుకు తెలియలేదు. సీటు మీద చెయ్యి అలాగే ఉండిపోయింది.

నీలాచలమ్మ గారు చెప్పులు విప్పారు. మెడలో దండ తీసి సూరపనాయుడి చేతిలోనే పెట్టారు. "జరుగు" అని వరాలును పక్కకు తప్పించి, వెనక సీటు మీదికి మోకాళ్లతో ఎక్కారు.

"అమ్మగారూ! తమరా?" సూరపనాయుడి గొంతు కీచుమంది.

"మోకాళ్లమ్మా, మీ మోకాళ్లు!" అన్నాడు గవిరయ్య.

"అవి నాతోనే వస్తాయిలే."

భారీ మనిషి. సగం దూరాక ఇరుక్కుపోయారు. బయట గద్వాల చీర కుచ్చిళ్లు, రెండు పాదాలు మాత్రం కనిపిస్తున్నాయి. లోపల్నుంచి గొంతు వచ్చింది: "గవిరయ్యా, నవ్వుతున్నావా?"

"లేదమ్మా."

"నవ్వకు. నవ్వినవాణ్ణి రేపు ఇందులోనే పడుకోబెడతాను."

వరాలు సీటు అంచు పట్టుకుని లోపలికి వంగింది. "నేను తీస్తానమ్మా, బయటికి వచ్చేయండి" అని బతిమాలింది.

"నోర్మూసుకుని నీ కథ గుర్తుచేసుకో."

చాలాసేపటికి మూత లేచింది. నీలాచలమ్మ గారు బయటికి వచ్చేసరికి ముడి జారిపోయింది, బొట్టు చెరిగింది, మోచెయ్యి గీరుకుని నెత్తురు చిప్పిల్లింది. ఆవిడ తన మోచెయ్యి చూసుకున్నారు. తర్వాత వరాలు మోచెయ్యి పట్టుకుని దీపం వైపు తిప్పి చూశారు. 

"హమ్మయ్య, తెరుచుకుంది గదా! మృదంగం దింపండి, దింపండి" అని సూరపనాయుడు చేతులూపాడు.

ఆవిడ డిక్కీకి అడ్డంగా నిలబడ్డారు. "ఏదీ దిగదు. ముందు స్విచ్చి."

"జనం కూచుండిపోయారమ్మగారూ! రేపొద్దున్న మా మిల్లు మెకానిక్కు చేత చేయించీస్తాను. పూచీ నాది."

"ఇవాళ తెరుచుకుంది. అందుకే రేపు మీకు గుర్తుండదు. నాకు ఇన్నాళ్లూ గుర్తుందా?"

"మరి జనానికి ఏటి చెప్పమంటారు?"

"ఉన్నదే చెప్పండి. బాగుచేస్తున్నారని చెప్పండి."

మైకు కుర్రాళ్ల దగ్గర్నుంచి స్క్రూడ్రైవరు తెచ్చారు, కారు ముందు అరలోంచి కొత్త స్విచ్చి కవరు తీశారు. గవిరయ్య మూతకు లోపలి అట్ట ఊడదీస్తూ గొణిగాడు. "తాళమే చచ్చిపోయింది గానీ, స్విచ్చి మారిస్తే ఏటవుద్దమ్మా?" స్విచ్చికి వచ్చే రెండు తీగలు బయటపడ్డాయి. "ఆ రెండూ కలిపి చూడు" అన్నారు నీలాచలమ్మ గారు వరాలుతో. వరాలు తీగల కొసలు ఒకదానికొకటి తాకించింది. టక్! తాళం నాలుక చప్పున కదిలింది. మళ్లీ తాకించింది. మళ్లీ టక్! తాళానికి ఏనాడూ ఏమీ కాలేదు. గవిరయ్య తన అరచెయ్యి వంక చూసుకున్నాడు. "ఇన్నాళ్లూ దీన్నా నేను బాదింది" అన్నాడు, నెమ్మదిగా.

పాత స్విచ్చి ఊడి వచ్చింది. చిట్లిన రబ్బరు కింద పచ్చటి చిలుము. ఈలోగా చాపల మీది ఆడవాళ్లు ఒకరొకరుగా లేచి వచ్చి కారు చుట్టూ మూగారు. "నీలాచలమ్మ గారు కారులో దూరీశారట! ఎందుకటమ్మా?" అని ఒకామె అడిగితే, "ఆ పిల్ల దూరకుండా" అని ఇంకొకామె సమాధానం చెప్పింది. ఇంకెవరో ఫోను లైటు పట్టారు. ఆ వెలుగులో వరాలు కొత్త స్విచ్చిని గూట్లో కూర్చోబెట్టి, తీగలు తగిలించి, నీళ్లు దిగకుండా రబ్బరు అంచును చుట్టూ వేలితో అదిమింది. గవిరయ్య పట్టీ బిగించాడు.

"ఇప్పుడు సామాన్లు దింపి, ఆ తర్వాత మూసి చూడండి" అన్నాడు సూరపనాయుడు. "తెరుచుకోకపోతే మన గతేటి?"

నీలాచలమ్మ గారు సామాన్లు లోపలుండగానే మూత ధడాలున వేసేశారు. "తెరుచుకోకపోతే మళ్లీ నేనే దూరతాను. ఇంకెవరూ వంగరు. వరాలూ, నొక్కు."

వరాలు భుజం బలమంతా బొటనవేలికి తెచ్చుకుని ముందుకు వంగింది. వేలు ఇంకా సరిగా ఆననే లేదు. టక్కుమని మూత పైకి లేచింది. అంత బలం ఏం చేసుకోవాలో తెలియక ఆమె చెయ్యి గాల్లో నిలిచిపోయింది.

గజ్జె కట్టి వేదికెక్కాక వరాలు గొంతు ఎక్కడా తడబడలేదు. ఆ చరణం వచ్చింది. 'భూదేవంత ఓర్పు తల్లిది' అని ఎత్తుకుంది. చప్పట్లకు చేతులు లేచాయి. ఆమె చిరతలు ఆపేసింది. "ఉండండి, అప్పుడే కొట్టకండి" అంది. "రాణి నోరు విప్పలేదు, నిజమే. ఆ ఇంట్లో ఒక్కరైనా, 'అంట్లు ఎవరు తోమమన్నారమ్మా నిన్ను?' అని అడిగారా?"

లేచిన చేతులు కిందికి దిగాయి. ముందు వరుసలోంచి ఒక ఆడగొంతు లేచింది. "అడగలేదు!"

"అయితే అది ఓర్పేనని, అలవాటు కాదని మీరెలా తేల్చారు?" అంది వరాలు. హార్మోనియం మీద గురువు వేళ్లు పై స్వరానికి వెళ్లాయి. వరాలు ఆ స్వరం అందుకుని, తర్వాతి చరణాన్ని ఆగకుండా పాడేసింది.

మంగళహారతి అయ్యాక సూరపనాయుడు మైకు పట్టుకొచ్చాడు. "అమ్మగారూ, జనానికి రెండు ముక్కలు చెప్పండి." వరాలు గజ్జెలు విప్పుతూ చేతులాపి చూసింది. దారిలో అడిగినదానికి ఇప్పుడైనా జవాబు వస్తుందేమోనని.

నీలాచలమ్మ గారు పసుపద్దిన మోచెయ్యి మడుచుకుని లేచి నిలబడ్డారు.

"ఇళ్లకు వెళ్లండి" అన్నారు. "ఎవరూ అనకుండానే వంగేది మీ ఇంట్లో ఎవరో చూడండి. కంచం ముందు కూర్చోకముందే, ముందు అరలో పడి ఉన్నది తీసి బిగించండి."