సింహం తాళం, సున్నం మరక

యుద్ధాలు లేక చేతులు ముడుచుకు కూర్చున్న రాజుకు ఏదో ఒక పిచ్చి పట్టక మానదు. వేములకోట రాజు చెన్నభూపాలుడికి తాళాల పిచ్చి పట్టింది. ఏనుగు తాళం, చేప తాళం, తేలు తాళం, ఎక్కడ చూసినా తాళాలే. పాపం, రాణిగారు నగలపెట్టె తెరవాలన్నా ముందు రాజుగారిని బతిమాలుకోవాలి.

ఒకసారి రేవుపట్నం వర్తకుడొకడు పంపిన పటంలో సింహం తాళంకప్ప బొమ్మ కనిపించింది. కొక్కెం నొక్కితే చాలు, టక్కున పడిపోతుందట. తాళంచెవి లేనిదే బ్రహ్మదేవుడు దిగొచ్చినా తెరుచుకోదట. రాజు మనసు పారేసుకున్నాడు. బొమ్మ చూసి బేరమాడి, వస్తువు కళ్లజూడకుండానే వరహాలు పంపేశాడు.

వర్తకుడు ముందుచూపున్నవాడు. రెండూ ఒకే దొంగ చేతిలో పడకూడదని కప్పను తపాలాలోనూ, చెవిని యాత్రికుల చేతనూ పంపాడు. చెవి వచ్చింది. కప్ప రాలేదు.

రాజు తపాలా అధికారి ఉద్దండరాయుణ్ని పిలిపించాడు. పూటకో తలపాగా, రోజుకో పట్టు అంగీ, అదీ ఆయన వైభోగం.

"మా కచేరీలో లోపం ఉండదు ప్రభూ. తపాలా మోసే పోలయ్యే కాజేసి ఉంటాడు" అన్నాడు మీసం దువ్వుకుంటూ.

పోలయ్య రాజు కాళ్ల మీద పడ్డాడు. "నా బిడ్డల మీద ఒట్టు దొరా. లక్కముద్ర చెదరకుండా అయ్యగారి చేతిలోనే పెట్టాను."

"సాక్షి ఎవరు?" అన్నాడు రాజు.

సాక్షి లేడు. రేపటి సభ ముగిసేలోగా కప్ప దొరక్కపోతే పోలయ్య పెళ్లాంబిడ్డలతో ఊరొదిలి పోవాలని తీర్పయింది. పోలయ్య ఏడుపు చూడలేకపోయాడు బొప్పన.

బొప్పన పని కొలువులో అందరికీ తాంబూలం అందించడం. చేతికి పళ్లెం, నోటికి చమత్కారం, రెండూ ఎప్పుడూ సిద్ధమే. ఆ రోజు ఉద్దండరాయుడికి ఆకు అందిస్తూ ఆయన అంగీ చేతి మీద సున్నం మరక చూశాడు. కిందటి ఏకాదశి నాడు తన చెయ్యి జారి పడిన మరకే అది. రోజుకో అంగీ మార్చే మారాజు అప్పట్నుంచీ ఇదే తొడుక్కొస్తున్నాడా? దగ్గరికి వంగితే వాసన కూడా అవుననే చెప్పింది.

బొప్పన నవ్వు ఆపుకుని రాజుగారి చెవిలో ఏదో ఊదాడు.

మర్నాడు సభలో కంసాలి కొలిమి రాజేసి కూర్చున్నాడు. బొప్పన పట్టకారుతో తాళంచెవి ఎత్తి పట్టుకున్నాడు.

"కప్ప పోయాక చెవి ఉండి ఏం లాభం? చూసినకొద్దీ ఏలినవారికి దిగులు. కరిగించి పారేస్తే పీడా పోతుంది" అంటూ నిప్పుల మీదికి దించాడు.

"ఆగు" అంటూ ఉద్దండరాయుడు ఆసనం మీంచి దూకినంత పని చేశాడు. "అంత పనితనమున్న వస్తువును కరిగిస్తే పాపం ప్రభూ. నాకిప్పించండి. పూజగదిలో పెట్టుకుంటాను."

"ఇచ్చేద్దాం" అన్నాడు రాజు, గడ్డం నిమురుకుంటూ.

"అంతకంటేనా" అన్నాడు బొప్పన. "కాకపోతే రాజుగారి కానుకను అప్పుడే మడత విప్పిన బట్టలతోనే అందుకోవాలి. ఆ ఆచారం పెట్టించింది తమరే కదా అయ్యగారూ? ఒక్క పరుగున ఇంటికెళ్లి అంగీ మార్చుకు రండి."

ఉద్దండరాయుడి ముఖం మాడిపోయింది. "బట్టలు... పెట్టెలో ఉన్నాయి."

"తెరవండి."

"తాళం వేసి ఉంది."

"చెవి తమ దగ్గరే ఉంటుందిగా?"

ఆయన కళ్లు తిన్నగా వెళ్లి పట్టకారు మీద వాలాయి.

సభ యావత్తూ ఆ చూపు వెంటే వెళ్లింది. బొప్పన పట్టకారు కాస్త పైకెత్తి అన్నాడు.

"చెవి కావాలంటే అంగీ మార్చాలి. అంగీ మార్చాలంటే చెవి కావాలి. ఇప్పుడెలా అయ్యగారూ?"

ఉద్దండరాయుడు కూలబడ్డాడు. "నా పెట్టెకు ఎలా ఉంటుందో చూద్దామని ఊరికే తగిలించాను ప్రభూ. టక్కున పడిపోయింది. కమ్మరిని పిలుద్దామంటే, ఊళ్లో కమ్మరులందరికీ తమరు ఆ బొమ్మ చూపించారు, చూడగానే పోల్చేస్తారు" అన్నాడు.

భటులు పెట్టె మోసుకొచ్చారు. దానికి సింహం వేలాడుతోంది. రాజు తన చేత్తోనే చెవి తిప్పి, కప్ప ఊడదీసి, పసిబిడ్డలా గుండెకు హత్తుకున్నాడు. ఉద్దండరాయుడి ఉద్యోగం అక్కడికక్కడే ఊడింది.

"ఏం కావాలో కోరుకోరా బొప్పనా" అన్నాడు రాజు.

"పెట్టెలో బట్టలన్నీ పోలయ్యకు ఇప్పించండి ప్రభూ. నిన్నంతా ఏడ్చాడు, ఇవాళ జరీ తలపాగాతో ఇంటికి పోనివ్వండి."

"మరి నీకు?"

బొప్పన పళ్లెం పక్కన పెట్టి చేతులు జోడించాడు.

"ఆ అయ్యగారి ఒంటిమీది అంగీ ఒక్కటి ఉతికించండి ప్రభూ. ఏకాదశి నుంచి ముక్కు మూసుకునే తాంబూలం ఇస్తున్నాను."

రాజు పడీపడీ నవ్వాడు. నవ్వుతూనే మెడలోని ముత్యాల హారం తీసి బొప్పన పళ్లెంలో వేశాడు.