తిరుగు పడవ

పూర్వం ముత్యాల దీవికి వచ్చే పరదేశులు తిరుగు పడవ మాట్లాడుకున్నాకే గట్టు ఎక్కాలని చట్టం. ఆ మాటే చెప్పి సుంకాల అధికారి నూకాలుని రేవులోనే ఆపేశాడు.

ముత్యాల కోసం మునిగి చనిపోయిన ఆమె మొగుణ్ణి పదేళ్ల కిందట ఈ దీవిలోనే పాతిపెట్టారు. మిగిలిన రోజులు ఆ సమాధి పక్కనే గడపాలని వచ్చింది.

"అయితే మా ఆయన్ని తవ్వి ఇచ్చెయ్యండి బాబూ. వచ్చిన పడవలోనే తీసుకుపోతాను."

"దీవి మట్టి పిడికెడు కూడా గట్టు దాటకూడదు. మీ ఆయన ఆ మట్టిలో కలిసిపోయాడు. ఇప్పుడతను మావాడే!" అని గద్దించాడు అధికారి.

నూకాలు కొంగు తలమీదికి లాక్కుంది.

"ఆయన మీవాడైతే నేను మీ కోడల్ని బాబూ. అత్తారింటికొచ్చిన కోడల్ని తిరుగు పడవ ఏదని అడుగుతారా?"

అధికారి లేచి, అడ్డకర్ర తనే ఎత్తాడు.

"కుడికాలు ముందు పెట్టి రామ్మా."