చుక్క లేని శాస్త్రం

ముందు మీరు చెప్పండి. ఒక పిల్ల ఫోనులో ఏదో రాసింది. తెర మీద వచ్చిన జవాబు చదివింది. ఫోను బోర్లా పెట్టేసి ఊరుకుంది. ఏం చూశారు? చదువు మీద శ్రద్ధ లేని పిల్లని చూశామంటారా? పుస్తకం చేతికందక చదువు మానేసినవాళ్ల కడుపుమంట తెలిస్తే ఆ మాట అంత తేలిగ్గా నోట రాదు. తవిటినాయుడికి ఆ మంట బాగా తెలుసు. అయినా అతనూ అదే మాట అన్నాడు.

నాయుడిది పాలకొండ దగ్గర పల్లె. తెలుగు మీడియంలో డిగ్రీ చదువుతూ, మంచి పుస్తకం కోసం ఎంతమంది కాళ్లావేళ్లా పడ్డాడో అతనికే తెలుసు. తన వెనక వచ్చే పిల్లలకి ఆ తిప్పలు ఉండకూడదని, కోచింగ్ సెంటర్లో ఉద్యోగం మానుకుని, డిగ్రీ పాఠాలన్నీ ఒకచోట చేర్చి ఒక సైటు తయారుచేశాడు. ఎవరైనా ఊరికే చదువుకోవచ్చు, తమ నోట్సు పదిమందితో పంచుకోవచ్చు. తెరవగానే శుభ్రంగా ఒక్క గడి కనిపిస్తుంది. అందులో సబ్జెక్టు పేరు రాస్తే పాఠాలు వరసగా వస్తాయి. అంత చేసినా, వచ్చినవాళ్లు వచ్చినట్టే వెళ్లిపోతున్నారు. పాఠం తెరిచి చదివేవాళ్లు లేరు.

విసిగిపోయి ఒక సాయంత్రం జోగారావు మాస్టారి ఇంటికి వచ్చాడు. "సైటు మూసేద్దామనుకుంటున్నాను మాస్టారూ. అసలీ పిల్లలకి చదువు కావాలా, అక్కర్లేదా?"

మాస్టారు డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. అక్షరం తప్పితే ఊరుకునేవారు కాదు. ‘థ’ పొట్టలో చుక్క పెట్టకపోతే మాట మొత్తం ఎర్రసిరాతో కొట్టేసేవారు. అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పే అలవాటు మాత్రం ఆయనకు ఎన్నడూ లేదు. "కాస్త కూర్చో," అన్నారు.

అంతలో అదే వీధిలో ఉండే దమయంతి వచ్చింది. డిగ్రీ మొదటి ఏడాది అర్థశాస్త్రం తప్పింది. మళ్లీ రాయాల్సిన పరీక్ష దగ్గరికొచ్చేసింది. "మాస్టారూ, మీ దగ్గర ఎకనామిక్స్ పుస్తకం ఏటైనా ఉందేటి?"

"నా దగ్గరెందుకమ్మా, చేతిలో ఫోనుంది కదా," అని మాస్టారు నాయుడి సైటు పేరు చెప్పారు.

"అదా? అందులో మా సబ్జెక్టు లేదండి. మొన్నే చూశాను."

నాయుడికి చురుక్కుమంది. అతను మొట్టమొదట రాసిన పాఠాలే అవి. "మళ్లీ ఒకసారి చూడమ్మా," అన్నాడు.

ఆ పిల్ల అరుగు మీద కూర్చుని, ఇంగ్లీషు అక్షరాలు టకటకా నొక్కి తెలుగులోకి మార్చుకుంది. ‘అర్ధశాస్త్రం’ అని వచ్చింది. కింద జవాబు: ‘అలాంటిదేమీ లేదు. అక్షరదోషాలు సరిచూసుకోండి.’

"నాను సెప్పలేదా, లేదంటంది," అంటూ ఫోను బోర్లించేసింది.

నాయుడు నోరు తెరవబోయాడు. మాస్టారు చెయ్యెత్తి ఆపారు. లోపలికి వెళ్లి, దిద్దిపెట్టమని నాయుడే ఎప్పుడో ఇచ్చిన ఆ పాఠాల కాగితాలే తెచ్చి ఆమె చేతిలో పెట్టారు. ఎవరు రాసినవో చెప్పలేదు. దమయంతి అరుగు చివరికి జరిగి చదువుకోసాగింది.

నాయుడు గొంతు తగ్గించాడు. "చుక్క పెట్టలేదు మాస్టారూ. చుక్క లేకపోతే సగం అని కదా. సగం శాస్త్రం కావాలంటే నేనెక్కణ్ణుంచి తేను?"

"తేలేవులే. ఆ సరిచూసుకోమన్న మాట నువ్వే రాశావా?"

"మా పేపర్ల కింద మీరు రాసేవారు కదా. అదే పెట్టాను. ఇప్పుడు తప్పు రాసినా పాఠం చూపించమంటారా? నా పేపరు నిండా ఎర్రగీతలు పెట్టింది మీరు కాదా?"

"నేనే. ఇప్పుడు రాసినా పెడతాను."

"మరి ఆ పిల్లకి పెట్టలేదేం?"

"నీకు పెట్టింది పాఠం చెప్పాక కదరా," అన్నారు మాస్టారు.

నాయుడికి తల తిరిగిపోయింది. తప్పుని తప్పనకూడదా? అంటే చుక్కలూ ఒత్తులూ గాలికొదిలేయమనా? వదిలేస్తే ఈయనే ఊరుకోరు. వదలకపోతే ఆ పిల్లకి పాఠం దొరకదు. ఈ కొస పట్టుకుంటే ఆ కొస జారిపోతోంది. ఫోను తీశాడు. సైటు మూసేసే మీట ఎదురుగా ఉంది. దాని మీద వేలు పెట్టి, నొక్కలేక అలాగే ఉండిపోయాడు.

కాసేపటికి దమయంతి లేచి వచ్చింది. "ఎవరు రాశారో గాని బాగా రాశారండి. కాలేజీలో చెప్పినప్పుడు ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. ఒక ప్రశ్నకి జవాబు రాశాను, చూస్తారా?"

కాగితం నాయుడే అందుకున్నాడు. పైన పెద్ద అక్షరాలతో ‘అర్థశాస్త్రం’ అని ఉంది. ‘థ’ పొట్టలో చుక్క నల్లగా, గుండ్రంగా కూర్చుంది.

"ఈ చుక్క ఎవరు చెప్పారమ్మా నీకు?"

"ఏ చుక్క?" ఆ పిల్ల కాగితంలోకి తొంగి చూసి నవ్వింది. "ఒకలు సెప్పడమేటండి. ఇందులో అన్నిచోట్లా అలాగే ఉంది కదా."

మాస్టారు నాయుడి వైపు తిరిగి అన్నారు. "ఇప్పుడు ఫోనులో వెతకమనరా. దొరుకుతుంది."

పొగిడారో తిట్టారో నాయుడికి అంతుపట్టలేదు. మీట మీంచి వేలు మాత్రం తీసేశాడు. ఎందుకు తీశావని అడిగితే చెప్పలేడు. మీరు మొత్తం చూశారు కదా, మీరైనా చెప్పండి: పాఠం చేతికొచ్చిన పిల్ల ఇప్పుడు దేనికోసం వెతకాలి?