వెనకనుంచి పాట

ఊరంతా హడలిపోయే ప్రెసిడెంటు భూషయ్య కంప్యూటరుకి అయిదు స్పీకర్లు పెట్టించాడు. పోయిన భార్య పాట, ఎప్పుడో ఫోన్లో రికార్డు చేసింది, ముందు స్పీకర్లలోనే వినపడుతోంది. వెనకవి పలకవు. ఇద్దరు మెకానిక్కులు తిట్లు తిని పోయాక మైకుసెట్టు సైదులు వచ్చాడు. పరీక్షకని వేరే మోత పెడితే అయిదూ మోగాయి.

"స్పీకర్లు బాగానే ఉన్నాయండీ. ఫోనులో ఒక్క మైకుతో పట్టిన పాట, ముందు స్పీకర్లలోంచే వస్తదండీ."

"అదంతా నాకు తెలీదు. నేను పేపరు చదువుతుంటే ఆవిడ వెనక వంటింట్లో పాడుకునేది. పాట వెనకనుంచి రాకపోతే ఈ ఊళ్లో నీ మైకు మోగదు."

సైదులు ఆయన కుర్చీని గోడవైపు తిప్పి, కూర్చోమని పాట పెట్టాడు.

భూషయ్య కోపంగా లేవబోయి ఆగిపోయాడు. పాట వెనకనుంచే వస్తోంది. ఆవిడ ఉన్నన్నాళ్లూ ఒక్కసారి కూడా వెనక్కి తిరగని మనిషి, ఇప్పుడు తిరిగితే కంప్యూటరే కనిపిస్తుందని గోడనే చూస్తూ కూర్చున్నాడు.