చిల్లు పూడ్చే విద్య

నూకయ్య నడిపే కోటవారి పడవకు అడుగున చిల్లు పడి మూడేళ్లయింది. సంతకు వెళ్లే ఆడవాళ్లు కూడా నీళ్లు తోడుకుంటూనే ఏరు దాటుతున్నారు. కోటలో మొరపెట్టుకున్న ప్రతిసారీ ఒకటే జవాబు: "మంత్రిగారు పరదేశం వెళ్లి, అక్కడ చిల్లులు ఎలా పూడుస్తారో చూసి వస్తారు. అందాకా ఆగు."

చివరికి మంత్రి చిత్తరసు ఇద్దరు వంటవాళ్లతో, వింజామర వీచేవాడొకడితో ఆ పడవే ఎక్కి బయల్దేరాడు.

నూకయ్య ఒక చేత్తో తెడ్డు వేస్తూ, రెండో చేత్తో కొబ్బరి చిప్పతో నీళ్లు తోడుతూ అన్నాడు. "బాబయ్యా, మొన్న అవతలి రాజ్యం మంత్రిగారిని నేనే ఇటు దాటించాను. ఆయనా చిల్లులు పూడ్చడం చూడ్డానికే వచ్చానన్నారు."

"తెలుసురా. విందిచ్చింది నేనే."

"మరి ఆయన్నే అడగలేకపోయారా?"

"విందులో చిల్లుల మాట ఎవడైనా ఎత్తుతాడా?"

నూకయ్యకు తికమక ఇంకా పెరిగింది. ఆయన ఇక్కడుంటే, ఈయన అక్కడికి వెళ్లి ఎవర్ని అడుగుతాడు? ఎంత ఆలోచించినా తెగలేదు. నడి ఏట్లో చిప్ప కింద పెట్టేశాడు. నీళ్లు మంత్రి పాదాలు తడిపి పిక్కలదాకా వచ్చాయి.

"తోడవేంరా!"

"అవతలి ఒడ్డువాళ్లు ఎలా తోడతారో చూసి వచ్చి తోడతాను బాబయ్యా. అందాకా ఆగండి."

"మునిగిపోతాంరా! ముందా చిల్లు మూయి! కొబ్బరిపీచు కూరి గుగ్గిలం పూస్తే సరి, ఆ మాత్రం తెలీదూ?"

నూకయ్య మొహం తేటపడింది. చిప్ప అందుకుని, పడవను వచ్చిన ఒడ్డుకే తిప్పాడు.

"ఇటెందుకురా?"

"తమరికి ముందే తెలుసు కదా బాబయ్యా, ఇక వెళ్లి చూసేదేముంది? పీచు నా దగ్గరుంది. గుగ్గిలం ఇప్పించండి చాలు."